నరాల నొప్పికి డిప్రెషన్ మాత్ర ఎందుకిచ్చారు? అమ్మ వేసుకోనంటోంది

కదిరి_మల్లె | డిసెంబరు 3, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో రామమూర్తి నగర్‌లో ఉంటాను. మా అమ్మకు 67 ఏళ్లు. ఆగస్టులో ఊళ్లో ఉండగా ఎడమ పక్క రొమ్ము కింద నుంచి వీపు దాకా సర్పి (ఒంటికి ఒక పక్కే వరసగా నీటి పొక్కులు లేచే వైరస్ జబ్బు) లేచింది. మా చిన్నాన్న వాళ్లు ఎర్రమన్ను పూయించి మంత్రం వేయించారు. తలా తోకా కలిస్తే ప్రాణం మీదికొస్తుందని ఎవరో భయపెడితే అమ్మ రాత్రంతా అద్దం ముందు కూర్చుందట. నాకు ఫోన్ చేసేసరికి ఆరో రోజు. ఇక్కడికి తీసుకొచ్చి చూపిస్తే డాక్టరు వైరస్ మాత్రలు రాశారు కానీ పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెట్టి ఉంటే బాగుండేదన్నారు. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు, ఇప్పుడు నాలుగో నెల.

ఏదైనా గట్టిగా తగిలితే కాదు, బట్ట ఒరుసుకుంటేనే నొప్పి. రవికె వేసుకోలేదు. నాన్న పాత బనియన్‌ను కుట్లు బయటికి వచ్చేలా తిరగేసి తొడుక్కుని, ఎడమ పక్క గుడ్డను రెండు వేళ్లతో ఒంటికి తగలకుండా పైకెత్తి పట్టుకుని కూర్చుంటుంది. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆ చెయ్యి అక్కడే. అనపకాయల కాలం కదా, మా ఇంట్లో పితికిన పప్పు అమ్మే చేయాలి, ఈసారి గింజ పితకడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. ఈ డిసెంబరు చలికి దుప్పటి కప్పితే మంట, తీసేస్తే వణుకు.

పోయిన వారం నరాల డాక్టరు ఒకరు ఎమిట్రిప్టిలిన్ 10 ఎంజీ రాత్రికి ఒకటి రాశారు. ఎందుకో ఏమిటో చెప్పలేదు, బయట ఇంకో నలభై మంది ఉన్నారు మరి. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు ఆ పేరు నెట్‌లో కొట్టి చూసి అది డిప్రెషన్ మందు అని నేరుగా అమ్మకే ఫోన్‌లో చెప్పేశాడు. అంతే. "నొప్పి నొప్పి అని నేను మొత్తుకుంటుంటే నాకు పిచ్చి మాత్రలు ఇప్పిస్తివా? నేను అబద్ధం చెప్తాండాననుకుంటివా?" అని ఏడ్చింది. నాలుగు రాత్రులు వేసుకుని మానేసింది. ఆ నాలుగు రోజుల్లో నొప్పి ఏమీ తగ్గలేదు, నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు మాత్రం వచ్చాయి.

ఇక్కడి నిమ్హాన్స్‌లో (మనసు జబ్బులకూ నరాల జబ్బులకూ పెద్దాసుపత్రి) చూపిద్దామంటే ఆ పేరు వినగానే ఇంకా భయపడింది. ఈ మందు నరాల నొప్పికి వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకే నమ్మకం లేకపోతే అమ్మకు ఏమని చెప్పను?

పాదాల_మంట | డిసెంబరు 3, రాత్రి 11:52

అక్కా, నేను ఎలక్ట్రానిక్ సిటీ. షుగర్ పదకొండేళ్ల నుంచి. నాది వేరే మందు, డులోక్సెటిన్, అదీ డిప్రెషన్ మందే, కానీ మీ అమ్మగారు పడ్డ బాధే నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నా. రాత్రయితే అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు ఉండేవి, మంచం దిగి వంటింటి బండల మీద కాళ్లు ఆనించి గోడకు చేరగిలబడి నిద్రపోయేవాణ్ణి. చీటీ చూసి నేను కూడా డాక్టరును అడిగేశా, నాకు మనసు బాగాలేదనుకుంటున్నారా అని. ఆయన మంచివాడు, చీటీ పక్కన పెట్టి చెప్పాడు, మీ నరం చెడింది, ఈ మందు పని ఆ నరం దారిలో, మీ మనసు మీద అనుమానంతో ఇవ్వడం లేదు అని. ఆ ఒక్క మాటతో వేసుకున్నాను.

మొదట 30 ఎంజీ, రెండో వారం నుంచి 60. మొదటి వారం కడుపులో తిప్పడం, అన్నం సహించలేదు, తిన్నాక వేసుకోమంటే కాస్త నయమైంది. మూడో వారంలో ఒక రోజు పొద్దున చూస్తే దుప్పటి కాళ్ల మీదే ఉంది. రాత్రంతా తన్నేయలేదన్నమాట. పూర్తిగా పోలేదు, ఇప్పటికీ మంట ఉంది, కానీ నిద్ర పడుతోంది. నాలుగు రోజులకు తేల్చుకోకండి.

మందుల_చీటీ | డిసెంబరు 4, ఉదయం 7:15

మారతహళ్ళి వైపు మందుల షాపులో ఫార్మసిస్టుని. ఇలాంటి చీటీ తెచ్చి ఫోన్లో నెట్ చూపించి "ఇది వేరే జబ్బు మందు కదండీ" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఒకటి గమనించండి. డిప్రెషన్‌కి ఎమిట్రిప్టిలిన్ ఇచ్చేటప్పుడు మామూలుగా రోజుకు 75 నుంచి 150 ఎంజీ దాకా వెళ్తారు. నరాల నొప్పికి 10తో మొదలుపెట్టి, తట్టుకుంటే 25, అవసరమైతే ఇంకాస్త, అలా మెల్లగా పెంచుతారు, 75 దాటడం అరుదు. అమ్మగారికి ఇచ్చిన 10 ఎంజీతో డిప్రెషన్ వైద్యం చేయాలని ఏ డాక్టరూ అనుకోడు. ఆ ఒక్క అంకె చూస్తేనే ఎందుకిచ్చారో తెలిసిపోతుంది, ఇది అమ్మగారికి చెప్పండి.

పొద్దున మత్తుకు మా దగ్గర చెప్పే మాట, పడుకునేటప్పుడు కాకుండా రాత్రి ఏడు ఎనిమిది మధ్య భోజనం అయ్యాక వేసుకోమని. మీ డాక్టర్ని ఒకసారి అడిగి అలా మార్చి చూడండి. నోరు ఎండితే గుటక గుటక నీళ్లు. మలబద్ధకం వస్తుంది, మొదటి నుంచే పీచు ఉన్న తిండి చూసుకోవాలి.

డాక్టరు అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కంట్లో ప్రెషర్, అంటే గ్లకోమా ఉందా, గుండెపోటు వచ్చిందా, గుండె కొట్టుకోవడంలో తేడా ఉందా, ఒంటేలు పోయడంలో ఇబ్బంది ఉందా. ఈ వయసులో ఒక ఈసీజీ తీయించుకుంటే మంచిది. ఇంట్లో నొప్పి మాత్రల డబ్బా కూడా వెతకండి. అందులో ట్రమడాల్ ఉంటే దీంతో కలిపి వేయకూడదు, డాక్టరుకు చూపించాలి, రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం దాకా పోవచ్చు.

ఇంకోటి, ప్రీగాబాలిన్ (నరాల నొప్పికి ఇచ్చే ఇంకో మందు), నార్‌ట్రిప్టిలిన్ రెండూ కలిపిన మాత్రలు మన దగ్గర విపరీతంగా రాస్తారు. నార్‌ట్రిప్టిలిన్ కూడా ఈ జాతి మందే. ఒక డాక్టరు ఆ జంట మాత్ర ఇస్తే, ఇంకో డాక్టరు అది చూడకుండా ఎమిట్రిప్టిలిన్ రాస్తే ఒకే రకం మందు రెండుసార్లు పడుతుంది. పోయిన నెలలోనే ఒక పెద్దావిడ చీటీలు రెండూ పక్కపక్కన పెడితే నాకు కనిపించింది, వాళ్ల డాక్టరుకు ఫోన్ చేయించాను. పాత చీటీలు పారేయకండి.

రాయదుర్గం_రెడ్డి | డిసెంబరు 4, మధ్యాహ్నం 1:40

అందరూ వేసుకోండి వేసుకోండి అంటున్నారు, నేను ఇంకో పక్క కూడా చెప్పాలి. మా అన్నకు నడుము నుంచి కాలికి లాగే నొప్పికి డులోక్సెటిన్ రాశారు. రెండేళ్లు వాడాడు. నిజంగా ఎంత తగ్గిందో ఆయనకే తెలియదు, ఎవరూ మళ్లీ అడగలేదు, చీటీ మాత్రం తిరిగి తిరిగి అదే రాసిచ్చేవాళ్లు. ఒక రోజు విసిగిపోయి ఒక్కసారిగా మానేశాడు. రెండో రోజు నుంచి తల తిరుగుడు, కన్ను పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే ఏడుపు. బైకు మీద సిల్క్ బోర్డు దాకా పోయి అక్కడే పక్కన ఆపేసి కూర్చుంటే నేను వెళ్లి తెచ్చాను. ఇది మానేటప్పుడు మెల్లగా తగ్గించాలని ఒక్కరు కూడా చెప్పలేదు. మందు మొదలుపెట్టేవాళ్లకు దాన్ని ఎలా ఆపాలో మొదటి రోజే చెప్పొద్దా? కోపం మందు మీద కాదు, చెప్పకపోవడం మీద.

పాదాల_మంట | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:05

రెడ్డన్నా, నూటికి నూరు పాళ్లు నిజం. నేను తిరుపతి వెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోయి రెండు రోజులు అదే పడ్డాను. క్యూలో నిలబడితే నేల ఊగింది. అప్పటి నుంచి ఒక షీటు ఎప్పుడూ బ్యాగులో ఉంటుంది.

నాడి_పీజీ | డిసెంబరు 4, రాత్రి 9:30

న్యూరాలజీ పీజీ చేస్తున్నాను, ఎక్కడన్నది వదిలేయండి. రెడ్డి గారు చెప్పింది మా తప్పే, ఒప్పుకుంటాను. ఓపీలో ఒక మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. మందు పేరు రాయడానికి అది చాలు, ఎందుకో చెప్పడానికి చాలదు. అందుకే చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు.

మల్లె గారూ, మీ పేరులో కదిరి ఉంది, సేద్యం ఇల్లయితే అమ్మగారికి ఇలా చెప్పి చూడండి. నొప్పి కాలువలో నీళ్లలాంటిది, ఒంటి నుంచి వెన్నుపాములోకి, అక్కడి నుంచి మెదడుకు పారుతుంది. అవసరం తీరాక మెదడు పైనుంచి ఒక మనిషిని పంపి వెన్నుపాము దగ్గర మడవ కట్టిస్తుంది, అంటే కాలువకు మన్ను అడ్డం వేయిస్తుంది. ఆ మనిషి చేతిలో మన్ను తీసే పార ఉంటుందే, అదే నోరెపినెఫ్రిన్, సెరటోనిన్ అనే రసాయనాలు. సర్పి వైరస్ నరాన్ని చెడగొట్టింది కాబట్టి కాలువ రాత్రింబవళ్లు తెగి పారుతోంది, ఆ మనిషి ఒక తట్ట మన్ను వేసి వెళ్లిపోతే నిలవడం లేదు. ఈ మాత్ర ఆ రసాయనాలను వెంటనే వెనక్కి పీల్చేయకుండా ఆపుతుంది, అంటే ఆ మనిషి మడవ దగ్గరే ఇంకాసేపు ఉంటాడు. అవే రసాయనాలు మెదడులో ఇంకోచోట మనసు మీద కూడా పని చేస్తాయి. అందుకే ఒకే మందుకు రెండు పనులు.

మనసు బాగుపడి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందేమో అన్న అనుమానం డాక్టర్లకూ వచ్చింది, దాన్ని పరీక్షించారు కూడా. 1982లో కెనడాలో సర్పి తర్వాత నొప్పి ఉన్న 24 మందికి ఎమిట్రిప్టిలిన్ ఇస్తే 16 మందికి బాగా తగ్గింది, వాళ్ల డిప్రెషన్ స్కోరులో మాత్రం పెద్దగా మార్పు లేదు. 1987లో అమెరికాలో షుగర్ నరాల నొప్పి మీద చేసిన పరిశీలనలో డిప్రెషన్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇద్దరికీ నొప్పి తగ్గింది. కాబట్టి అమ్మగారి నొప్పిని ఎవరూ అబద్ధం అనడం లేదు. నొప్పి నిజం కాబట్టే ఈ మందు.

అందరికీ పని చేస్తుందని మాత్రం చెప్పను. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష లెక్క ప్రకారం ఎమిట్రిప్టిలిన్ జాతి మందులు దాదాపు నలుగురికి ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో (మందు లేని మాత్ర) తగ్గేవాళ్లకు అదనంగా ఒక్కరికి నొప్పి సగానికి తగ్గుతుంది. డులోక్సెటిన్ జాతికి అది ఆరుగురిలో ఒకరు, ప్రీగాబాలిన్‌కు ఏడెనిమిది మందిలో ఒకరు. తక్కువే అనిపిస్తుంది, కానీ నరాల నొప్పికి మన చేతిలో ఉన్నవాటిలో ఇవే ముందు వరస. మామూలు పారాసిటమాల్, వాపు మాత్రలు దీని మీద దాదాపు పని చేయవు. 2022లో బ్రిటన్‌లో 130 మంది షుగర్ నొప్పి వాళ్ల మీద ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబాలిన్ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి వాడి చూస్తే దేనితో మొదలుపెట్టినా చివరికి ఉపశమనం ఇంచుమించు ఒకటే, ఒకదానితో చాలనివాళ్లకు రెండోది కలిపితే ఇంకొంత మేలు జరిగింది. ఒకటి పడకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు.

సరైన మోతాదుకు చేరాక కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. ఇంకో విషయం అడగండి డాక్టర్ని, లిడోకెయిన్ 5 శాతం పట్టీ ఉంటుంది, పుండు పూర్తిగా మానిన చర్మం మీదే వేయాలి, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి. బట్ట తగిలితే నొప్పి అన్నవాళ్లలో కొందరికి ఇది బాగా పనికొస్తుంది.

మాస్టారు_72 | డిసెంబరు 5, ఉదయం 6:10

అమ్మాయీ, నేను యలహంకలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. నాకు ఇదే ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు, నాకు ప్రొస్టేటు ఉందని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఐదో రోజు రాత్రి ఒంటేలు పూర్తిగా బందయింది. పొట్ట ఉబ్బి రాయి అయింది, తెల్లవారుజామున నాలుగింటికి గొట్టం వేశారు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. తర్వాత మందు మార్చారు, ఇప్పుడు ప్రీగాబాలిన్‌తో సర్దుకుంటున్నాను, కాళ్లు కొంచెం వాస్తాయి. ఆడవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువేలే, కానీ ఇంట్లో మగ పెద్దవాళ్లకు ఈ మందు రాస్తే ముందు ఇది చెప్పాలి అని రాస్తున్నాను.

వీణ_హెబ్బాళ | డిసెంబరు 5, ఉదయం 8:45

మాస్టారి మాటకు నాదొకటి. మా అత్తయ్య రాత్రి ఈ మాత్ర వేసుకుని బాత్రూంకి లేచి కళ్లు తిరిగి పడ్డారు, మణికట్టు విరిగింది. పడుకున్నవాళ్లు గబుక్కున లేస్తే బీపీ పడిపోతుందట. మంచం పక్కన రాత్రి లైటు పెట్టండి, లేచే ముందు అంచున ఒక నిమిషం కూర్చోమనండి. మేము మందు ఆపలేదు, డాక్టరు నార్‌ట్రిప్టిలిన్‌కి మార్చారు, దాంతో మత్తు తక్కువగా ఉంది.

గాలి_తగిలితే | డిసెంబరు 5, రాత్రి 10:15

నాది ముఖం నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా. స్కూటీ మీద వైట్‌ఫీల్డ్ వెళ్తుంటే కుడి చెంపకు గాలి తగిలిన ప్రతిసారీ పిడుగు పడ్డట్టు, రెండు సెకన్లే, కానీ బండి వదిలేసేదాన్ని. పళ్లు తోముకోవడానికి భయం. పంటి నొప్పి అనుకుని ఒక పన్ను కూడా తీయించుకున్నాను. నాకు ఏడాదిన్నర ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు, ఏమీ ఉపయోగం లేదు. తర్వాత ఇంకో డాక్టరు దీనికి మొదట ఇచ్చేది కార్బమాజెపిన్ అని, ముందు ఒక జన్యు రక్త పరీక్ష చేయించి, మొదలుపెట్టారు. వారంలో తేడా తెలిసింది. నరాల నొప్పి అన్న పేరు ఒక్కటే, లోపల జబ్బులు వేరు. మల్లె గారి అమ్మగారి విషయంలో మందు సరైనదే అనిపిస్తోంది, కానీ ఎవరైనా ఈ రాతలు చదివి తమ నొప్పికి తామే కొనుక్కోకండి.

నిమ్హాన్స్ గురించి: నేను చూపించుకున్నది అక్కడే. బయట వరండాలో నా పక్కన కూర్చున్నవాళ్లలో ఒకరు పక్షవాతం, ఒక పిల్లాడు మూర్ఛ, ఒకాయన చేయి వణుకు. 1974లో పాత మానసిక ఆసుపత్రినీ ఒక పరిశోధన సంస్థనీ కలిపి పెట్టారు కాబట్టి పాతవాళ్ల నోట్లో ఆ పేరు అలాగే ఉండిపోయింది. అమ్మగారిని ఒకసారి ఆ వరండా దాకా తీసుకెళ్లండి, ఎవరెవరు వస్తారో ఆమే చూస్తారు.

కదిరి_మల్లె | డిసెంబరు 9, రాత్రి 10:00

అందరికీ చేతులెత్తి దండం. నిన్న ఆదివారం అమ్మ పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. డోసు లెక్క విన్నా మాట్లాడలేదు. మడవ సంగతి చెప్పేటప్పుడు తల ఎత్తింది. "రాత్రి నీళ్లకు పోయినప్పుడు మీ నాయన ఒక్కడే కట్టలేక నన్ను పిలిచేవాడు" అంది. తర్వాత తనే అడిగింది, మాత్ర ఎక్కడ పెట్టావు అని.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఈసారి కాగితం మీద రాసుకుని వెళ్లాను: గ్లకోమా లేదు, బీపీ మాత్ర పేరు ఇది, ట్రమడాల్ ఇంట్లో ఉంది ఆపాలా, ఎన్ని వారాలు చూడాలి, ఎలా ఆపాలి. ఆయన అన్నింటికీ ఓపిగ్గానే చెప్పారు, అడిగితే చెప్పేవారేనేమో మొదటే. ఈసీజీ బాగుంది. ట్రమడాల్ ఆపించారు. రాత్రి ఏడున్నరకు 10 ఎంజీ, రెండు వారాల తర్వాత చూసి 25.

మా తమ్ముడితో కూడా మాట్లాడాను. వాడిదీ భయమే.

నాడి_పీజీ | డిసెంబరు 10, ఉదయం 7:00

రోజూ రాత్రి పడుకునేముందు నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఈ రెండూ క్యాలెండర్ మీద రాయించండి. మెల్లగా తగ్గే నొప్పి మనకే తెలియదు, నిన్నటి బాధ ఎంతో ఇవాళ గుర్తుండదు. రెండు నెలలకు ఆ కాగితం చూసి కొనసాగించాలో ఆపాలో డాక్టరు తేల్చవచ్చు. రెడ్డి గారి అన్నయ్యకు జరిగినట్టు జరగకుండా ఉండేది దాంతోనే.

కదిరి_మల్లె | జనవరి 18, రాత్రి 9:20

చాలా రోజులైంది, క్షమించాలి. 25 ఎంజీ మీద నాలుగు వారాలు. అమ్మ అంకెలు రాయనంది, తన పద్ధతిలో క్యాలెండర్ మీద రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో అన్ని చుక్కలు పెడుతోంది. డిసెంబరు రెండో వారంలో ఆరేడు చుక్కలు, ఈ వారం రెండు, ఒకటి. లిడోకెయిన్ పట్టీ పగలు వేస్తున్నాం. నోరు ఎండడం ఉంది, మలబద్ధకానికి రోజూ జామకాయ. నొప్పి పోయిందా అంటే పోలేదు, సాయంత్రం అయ్యేసరికి జివ్వున లాగుతుంది.

కానీ సంక్రాంతికి ముందు రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో పేపరు పరుచుకుని, పక్కన నానబెట్టిన అనప గింజల గిన్నె పెట్టుకుని కూర్చుంది. గింజ వేళ్ల మధ్య నొక్కితే పప్పు టపీమని గిన్నెలో పడుతోంది, తొక్క పేపరు మీద. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. రవికె మాత్రం ఇంకా వేసుకోలేదు, అదే బనియన్. నేను గుమ్మంలో నిలబడి కాసేపు ఏమీ అనలేదు.

మాస్టారు_72 | జనవరి 19, ఉదయం 6:00

మంచి మాట చెప్పావమ్మా.

మందుల_చీటీ | జనవరి 19, ఉదయం 7:30

చాలా సంతోషం. తగ్గింది కదా అని మధ్యలో మానొద్దు, మానాల్సి వచ్చినా డాక్టరు చెప్పినట్టు మెట్లు మెట్లుగా దిగాలి. ఇంట్లో నాన్నగారికి 50 దాటాయి కాబట్టి సర్పి టీకా గురించి అడగండి. షింగ్రిక్స్ మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఖరీదు ఎక్కువే. ఒకసారి వచ్చినవాళ్లు కూడా వేసుకోవచ్చు, అమ్మగారికి ఎప్పుడన్నది డాక్టరు చెప్తారు.

కొత్త_సభ్యుడు_హోసూరు | జనవరి 22, రాత్రి 8:50

ఇవాళే చేరాను, పై రాతలన్నీ చదివాను. మా నాన్నకు 61. నిన్న పొద్దున నుంచి నడుము కుడి పక్క మంట, ఇవాళ మధ్యాహ్నం వరసగా నీటి పొక్కులు లేచాయి, ఒక పక్కే ఉన్నాయి. అమ్మ రేపు పొద్దున మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తానంటోంది. రేపు సాయంత్రం ఆఫీసు అయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సరిపోతుందా?

కదిరి_మల్లె | జనవరి 22, రాత్రి 8:56

తమ్ముడూ, రేపటి దాకా ఆగకు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మాత్ర పడాలి, ఎంత ముందైతే అంత మంచిది. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రికి ఇప్పుడే తీసుకెళ్లు. కిడ్నీ సంగతి, వాడే మందుల చీటీలు చేతిలో పెట్టుకో. మంత్రం రేపు వేయించుకోనీ, అమ్మతో గొడవ పడొద్దు, మాత్ర మాత్రం ఈ రాత్రే.

కొత్త_సభ్యుడు_హోసూరు | జనవరి 22, రాత్రి 9:11

సరే అక్కా. ఆటో పిలిచాను, నాన్న చొక్కా వేసుకుంటున్నాడు.